పాలరాపు మీద ఖాళీ అయిన గూళ్లు

బెజ్జూరు అడవిలో పాలరాపు అని ఒక గుట్ట ఉంది. పెద్దవాగు వచ్చి ప్రాణహితలో కలిసే తావుకు దగ్గర్లో నిట్టనిలువుగా లేచిన రాతిగోడ అది. ఆ గోడకు అక్కడక్కడా అరుగుల్లా బయటికి పొడుచుకొచ్చిన అంచులు, ఆ అంచుల కింద సున్నం కారినట్టు తెల్లటి చారలు. పక్షుల సంగతి తెలిసినవాళ్లు ముందు ఆ చారల కోసమే చూస్తారు. చార ఉందంటే పైన గూడు ఉన్నట్టు, గూట్లో ఏళ్లుగా కాపురం సాగుతున్నట్టు.

2013లో ఆ చారల పైన పొడవు ముక్కు రాబందుల గుంపు ఒకటి బయటపడింది. అప్పటికి ఉమ్మడి రాష్ట్రంలో ఎక్కడైనా రాబందు కనబడటమే వార్త. అలాంటిది, కనబడటం కాదు, గూళ్లు పెట్టి పిల్లల్ని సాకుతున్నాయి. అదీ ఎక్కడో కాదు, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ దాటితే వచ్చే మన అడవిలో, మన బొగ్గు పొరలను కడుపులో దాచుకున్న ఈ ప్రాణహిత గోదావరి లోయలోనే. ఆ కబురు విన్నప్పుడు ఈ బెల్టులో కెమెరా పట్టిన ప్రతి ఒక్కరికీ ఒళ్లు పులకరించింది. ఆ గుంపు పెరగడం చూశాం, తరగడమూ చూశాం. ఆ కథే ఇది.

రాబందు పిల్లను పెంచడం ఎంత పెద్ద పనో తెలియాలంటే ముందు మా పెరట్లోకి రావాలి. గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్లందరి పెరడులాంటిదే మాదీ. ఒక జామచెట్టు, కరివేపాకు, గోడవారగా మల్లెపొద, ఆకుల మీద ఎప్పుడూ ఒక పలచని బొగ్గుదుమ్ము పొర. ఏటా ఎండలు ముదరకముందే పిగిలిపిట్టల జంట ఒకటి ఆ మల్లెపొదలో గూడు కడుతుంది. గడ్డిపోచలు, సన్న వేళ్లు, సాలెగూటి దారాలు కలిపి అరచేతిలో పట్టేంత దొన్నెలా అల్లుతుంది. వంటింటి కిటికీ ఊచల మధ్య నుంచి లెన్సు పెడితే ఏమీ కదపకుండానే అంతా కనబడుతుంది. రెండో మూడో గుడ్లు, గులాబీ రంగు మీద ఎర్రమట్టి చుక్కలు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగితే కిటికీ అద్దాలు గణగణమంటాయి. తల్లిపిట్ట తలెత్తి ఒకసారి చూస్తుందే తప్ప గుడ్ల మీంచి లేవదు. ఆ ఒక్క చూపును ఫొటో తీయగలిగిన రోజున నేను అన్నం తినడం కూడా మరిచిపోయాను.

రెండు వారాలు తిరక్కముందే గుడ్లు పగులుతాయి. మరో రెండు వారాల్లోపే పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోతాయి. ఒక నెల అంతే. మధ్యలో ఏ పామో పిల్లో గూడు తీసినా ఆ జంట కొన్నాళ్లకే ఇంకో కొమ్మ వెతుక్కుంటుంది. ఒకే ఎండాకాలంలో రెండుసార్లు, మూడుసార్లు ప్రయత్నిస్తుంది. పోయినదాన్ని పూడ్చుకునే శక్తి దానికి పుట్టుకతోనే ఉంది. అందుకే ఇంత దుమ్ములో, ఇన్ని మోతల మధ్య కూడా పిగిలిపిట్ట మన ఊళ్లో బతికే ఉంది.

రాబందుకు ఆ వెసులుబాటు లేదు. జంట కట్టే ఈడు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది. ఏడాదికి ఒక్కటే గుడ్డు. చలికాలంలో పెట్టిన ఆ గుడ్డును తల్లీ తండ్రీ వంతులు వేసుకుని సుమారు యాభై రోజులు పొదుగుతాయి. పిల్ల బయటికొచ్చాక మూడు, నాలుగు నెలలు గూడు వదలదు. అంటే సంక్రాంతి చలి నుంచి మే నెల వడగాలుల దాకా ఆ రాతి అంచు మీదే దాని లోకం. రామగుండం ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. 45 డిగ్రీలు దాటిన రోజున రాయి పెనంలా కాలుతుంది. అప్పుడు పెద్దపక్షి సూర్యుడికి వీపు పెట్టి, రెక్క సగం విప్పి, ఆ నీడను పిల్ల మీద పడేలా నిలబడుతుంది. ఎండ జరిగినకొద్దీ తానూ జరుగుతుంది. రెండోది తిండికి వెళ్తుంది. దానికి హద్దుల్లేవు. గాలిలోని వేడి పొరల మీద తేలుతూ, రెక్క ఆడించకుండానే పదుల కిలోమీటర్లు పోతుంది. ఎక్కడో చచ్చిన గొడ్డును వెతికి, మెడకింది సంచి నిండా మాంసం నింపుకుని వచ్చి, పిల్ల ముక్కు దగ్గర కక్కి పెడుతుంది.

ఆ సంచిలో ఏం వస్తోందో తల్లికి తెలియదు. మొత్తం విషాదం అక్కడ ఉంది.

పాత బొగ్గుబాయి కార్మికులను కదిలించి చూడండి. గొడ్డు చచ్చిందంటే ఊరి బయట పడేసి ఇంటికొచ్చేలోపు ఆకాశంలో చుక్కలు కనబడేవని చెప్తారు. ఆ చుక్కలు వలయాలు తిరుగుతూ కిందికి దిగి, చూస్తుండగానే మనిషి నడుమెత్తు పక్షులై కూర్చునేవట. గంట గడిచేసరికి ఎముకల గూడు మిగిలేది. వాసన లేదు, ఈగ లేదు. 1980ల్లో మన దేశంలో రాబందుల సంఖ్య కోట్లలో ఉండేదని అంచనా. తెల్లవీపు రాబందు గురించైతే ఆ కాలంలో ప్రపంచంలోని పెద్ద వేటపక్షుల జాతి అంతటిలోకీ ఎక్కువ సంఖ్యలో ఉన్నది బహుశా ఇదేనని రాశారు. ఎవరికీ అది అపురూపం కాదు. పైగా అశుభమనుకునేవాళ్లం. ఇంటి మీద వాలితే శాంతి చేయించేవాళ్లం.

అంత సంపద కూలిపోవడం మొదట కనిపెట్టింది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో. కేవలాదేవ్ జాతీయ పార్కులో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాశ్ 1987-88లో తెల్లవీపు రాబందుల గూళ్లు లెక్కపెట్టారు. 353 జంటలు. తొంభైల మధ్యలో ఆయన మళ్లీ లెక్క పట్టేసరికి సగం కూడా లేవు. గూళ్లలో చచ్చిన పక్షులు, కొమ్మలకు వేలాడే పక్షులు. బతికున్నవి కూడా రోజుల తరబడి మెడ వాల్చేసి, తల కాళ్లదాకా వంచి కూర్చుంటున్నాయి. తోస్తే తల ఎత్తుతాయి, మళ్లీ వాల్చేస్తాయి. 2003 నాటికి ఆ అడవిలో ఒక్క గూడు కూడా మిగల్లేదు. దేశమంతా చూసుకుంటే 1992 నుంచి 2007 లోపల తెల్లవీపు రాబందులు వెయ్యింట 999 పోయాయి. మన పాలరాపు మీద ఉన్న పొడవు ముక్కు జాతి, దాని దగ్గరి చుట్టం సన్నముక్కు జాతి కలిపి నూటికి దాదాపు 97 పోయాయి. ఏ పెద్దపక్షి జాతీ ఇంత వేగంగా ఇంత లోతుకు పడిన దాఖలా లేదు.

ముందు ఏదో అంటురోగం అనుకున్నారు. ఏళ్లు గడిచాయి. చివరికి పాకిస్తాన్ పంజాబులో చచ్చిన రాబందులను కోసి చూసిన లిండ్సే ఓక్స్, ఆయన బృందం 2004లో అసలు సంగతి బయటపెట్టారు. కడుపు తెరవగానే గుండె మీద, కాలేయం మీద సుద్ద పూసినట్టు తెల్లటి పొర. మూత్రపిండాలు చచ్చిపోతే ఒంట్లోంచి బయటికి పోవలసిన యూరిక్ ఆమ్లం ఇలా గడ్డకట్టి లోపలి అవయవాలన్నిటికీ అంటుకుంటుంది. మూత్రపిండాలను చంపింది డైక్లోఫెనాక్.

ఆ మందు పేరు బొగ్గుబెల్టులో ఎవరికీ కొత్త కాదు. తట్ట ఎత్తి ఎత్తి నడుము పట్టేసిన కోల్ ఫిల్లరుకు, మోకాళ్లు అరిగిన టింబర్‌మన్‌కు ఆస్పత్రిలో ఇచ్చే నొప్పి సూది అదే. మన నొప్పి తీర్చిన మందు కదా అని 1990ల్లో పశువులకూ వాడటం మొదలైంది. చవక, వెంటనే గుణం. కాలు విరిగిన ఎద్దు, పొదుగు వాచిన ఆవు, కాన్పు కష్టమైన బర్రె బాధ చూడలేక రైతు వేయించిన సూది. అందులో ఏ పాపమూ లేదు. చాలా పశువులు బతికాయి కూడా. బతకనివి, సూది వేసిన ఒకటి రెండు రోజుల్లో చచ్చినవి ఊరి బయట పడ్డాయి. రాబందు దిగింది, తిన్నది, సంచి నింపుకుంది, గూటికి ఎగిరింది. కొద్ది రోజులకు తల వాల్చింది. పిల్లకు పెట్టిన ముద్దలోనూ అదే ఉంది.

ఎన్ని కళేబరాల్లో విషం ఉంటే ఇంత నాశనం జరుగుతుందని శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. వెయ్యి కళేబరాల్లో ఒకటి నుంచి ఎనిమిది లోపు చాలట. ఎందుకంటే ఒక కళేబరం మీద ఒక పక్షి దిగదు, గుంపు దిగుతుంది. కలిసి తినడమే వాటి ప్రాణం, అదే ప్రాణాంతకమైంది. 2004-05లో మన దేశంలో కళేబరాలను పరీక్షిస్తే పదింట ఒకదానిలో ఆ మందు ఉంది.

ఏ వేటగాడి తుపాకీ వల్లనో, ఎవరి పగ వల్లనో పోయిన జాతి అయితే ఏడ్చి ఒకరిని తిట్టుకునేవాళ్లం. ఇది దయ చంపిన పక్షి. నాకు ఈ కథలో మింగుడుపడనిది అదే. ఇదే గోదావరి దిగువన, భద్రాచలం పక్కన ఏటపాక ఉంది. సీతమ్మను ఎత్తుకుపోతున్న రావణుడికి అడ్డం వెళ్లి రెక్కలు తెగిన జటాయువు పడిన చోటు అదేనని మనవాళ్లు చెప్పుకుంటారు. రాముడు కన్నతండ్రికి చేసినట్టు ఆ పక్షికి దహన సంస్కారాలు చేశాడు. ఆ కథ పురాణంగా చదివి కన్నీళ్లు పెట్టుకునే జాతి మనది. ఆ పక్షి వంశం మన కళ్ల ముందు లక్షలుగా రాలిపోతుంటే ఒక దశాబ్దం పాటు గమనించనైనా లేదు. ఊరి బయట వాసన ఎక్కువైందని మాత్రం అనుకున్నాం.

కారణం దొరికాక కూడా అడుగులు నెమ్మదిగానే పడ్డాయి. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ వాడరాదని కేంద్రం నిషేధించింది. కానీ మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు మందుల షాపుల్లో ఉండనే ఉన్నాయి. పశువుకు సరిపడా మోతాదు ఒక్క సీసాలోనే దొరికేది. ఆ సీసా పరిమాణం 3 మిల్లీలీటర్లకు కుదించడానికి 2015 దాకా పట్టింది. ఈలోపు ఎసిక్లోఫెనాక్ వచ్చింది. అది పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. కీటోప్రోఫెన్ వచ్చింది, అదీ రాబందును చంపేదే. ఆ రెండింటినీ 2023లో, నిమెసులైడ్‌ను 2024 చివర్లో పశువైద్యం నుంచి తీసేశారు. అన్ని నిషేధాలూ మంచివే. అన్నీ ఆలస్యమైనవే. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షికి తొమ్మిదేళ్ల ఆలస్యమంటే ఏమిటో మా పెరటి పిగిలిపిట్టను చూసినవాళ్లకు అర్థమవుతుంది.

ఇన్ని చావుల తర్వాత మిగిలిన గుంపు పాలరాపుది. అందుకే దాన్ని అంత అపురూపంగా చూసుకున్నాం.

అటవీశాఖ ఆ గుట్టను గట్టిగానే పట్టించుకుంది. చుట్టుపక్కల ఊళ్ల యువకులనే గమనించే పనికి పెట్టింది. గూడు ఏది, గుడ్డు ఏది, పిల్ల ఎప్పుడు రెక్క విప్పింది అన్నది రోజూ రాసిపెట్టే పని అది. మందు అంటని కళేబరాలను రాబందులకు అందేలా చూసే ప్రయత్నమూ జరిగింది. ఊళ్లలో తిరిగి రైతులతో మాట్లాడారు. మొదట కొన్నే కనబడిన పక్షులు కొన్నేళ్లలో ముప్పై దాకా పెరిగాయి. ఒక జాతి లేచి నిలబడుతున్నట్టే అనిపించింది. ఏటా ఎండాకాలానికి కొత్త పిల్లలు రాతి అంచు చివరికి వచ్చి రెక్కలు చాచి గాలి బరువు చూసుకునే ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. రాబందు పిల్ల మొదటిసారి ఎగరడం ఒక్క రోజులో జరిగేది కాదు. అంచు దాకా వస్తుంది, రెక్కలు కొడుతుంది, కాళ్లు రాయిని వదిలీ వదలకముందే వెనక్కి తగ్గుతుంది. అలా రోజులు. నదికి దూరంగా నిలబడి పొడవు లెన్సులో అది చూసినవాళ్లకు ఊపిరి ఆగినంత పనవుతుంది. దగ్గరికి పోకూడదు. బెదిరి ముందే దూకితే కింద రాళ్లే గతి.

తర్వాత గుట్టే విరిగింది. కుండపోత వానలకు రాతి అంచులు ఊడిపడ్డాయి. ఏళ్లుగా గూళ్లున్న అరుగులు వాగులోకి పోయాయి. రాబందు జంట ఒకే అంచును ఏటా వాడుకుంటుంది. కొత్త పుల్లలు చేర్చుకుంటుందే తప్ప చోటు మార్చడం అరుదు. ఆ చోటే లేకపోతే ఆ ఏడు గుడ్డు లేదు. గుడ్డు లేదంటే ఆ జంట లెక్కలో ఒక ఏడాది పోయినట్టే.

తిండి సంగతీ అంతంతే. దుక్కికి ట్రాక్టరు వచ్చాక ఊళ్లలో పశువులు తగ్గాయి. ఉన్నవాటినీ ముసలివి కాకముందే అమ్మేస్తున్నారు. కొట్టంలో చచ్చే గొడ్డు అరుదైంది. ప్రాణహిత దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి అడవి. అక్కడ రాబందుల కోసం కళేబరాలు పెట్టే తావులు ఏర్పాటు చేశారు. పాలరాపు పక్షులు అటు మళ్లాయని గమనించినవాళ్లు చెప్పారు. పక్షికి రాష్ట్రాల సరిహద్దు లేదు. బతికి ఉంటే ఎక్కడున్నా సంతోషమే. కానీ పాలరాపు మీద గూళ్లు ఒకటొకటిగా ఖాళీ అయ్యాయి. ముప్పై అన్న మాట పోయి వేళ్ల మీద లెక్కపెట్టేవి మిగిలాయి. రాతి మీది తెల్ల చారలను వానలు కడిగేశాయి.

కోట్లలో ఉన్న రోజుల్లో ఒక గుట్ట విరిగితే ఆ జాతికి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. పక్క గుట్ట ఉండేది, చుట్టాలుండేవారు. మిగిలిందే ముప్పై అయినప్పుడు ఏ చిన్న దెబ్బయినా చావుదెబ్బే. పాలరాపును వాన కూల్చిందని చెప్పుకోవడం తేలిక. ఆ వానకు తట్టుకోలేనంత బక్కచిక్కిన స్థితికి ఆ జాతిని తెచ్చింది మనమే. 1990ల్లో వేసిన సూదుల బాకీని పాలరాపు పిల్లలు చెల్లించాయి.

ఆ బాకీలో మన వాటా కూడా ఉంది. రాబందు కడుపులోని ఆమ్లం ఆంథ్రాక్స్ క్రిములనైనా జీర్ణం చేసుకుంటుంది. అది పోయాక కళేబరాలు కుక్కల పాలయ్యాయి, కుళ్లి వాగుల్లో కలిశాయి. కుక్కలు పెరిగాయి, రేబిస్ భయం పెరిగింది. ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రాబందులు ఎక్కువగా ఉండిన జిల్లాలనూ లేని జిల్లాలనూ పోల్చి చూశారు. ఆ పక్షులు పోవడం వల్ల 2000 నుంచి 2005 మధ్య మన దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని 2024లో అచ్చయిన వారి అధ్యయనం చెప్తోంది. అశుభపక్షి అన్నాం. అది ఉన్నన్నాళ్లూ మన ఊరి పొలిమేర శుభంగా ఉంది.

పిగిలిపిట్ట ఫొటో తీయడం నాకు ఆనందం. రాబందు ఫొటో చూస్తే మాత్రం ఒక రకమైన బెంగ. పెరట్లో ఈ ఏడు గూడు పోతే వచ్చే నెల మళ్లీ చూడొచ్చు. పాలరాపు మీద రాతి అంచు చివర రెక్కలు చాచి నిలబడిన ఆ పిల్ల ఫొటో అలాంటిది కాదు. ఆ పిల్ల బతికి ఉంటే ఇప్పటికి దానికే ఒక జంట, ఒక గుడ్డు ఉండాల్సిన ఈడు. కెమెరా పట్టిన మనవాళ్లకు నా మనవి ఒకటే. పెరటి గూళ్లను మీకు ఓపిక ఉన్నంతకాలం తీయండి, ఆకు తొలగించకుండా, గుడ్డు ముట్టకుండా. కానీ ఆ ఫొటోలతోపాటు తేదీలు రాసిపెట్టండి. గూడు ఎప్పుడు కట్టింది, పిల్ల ఎప్పుడు ఎగిరింది, ఏ ఏడు రాలేదు. భరత్‌పూర్ చావులు లోకానికి తెలిసింది ఎవరో ఒకరు ముందే 353 అని రాసిపెట్టుకున్నందువల్ల. మన దగ్గర ఆ రోజుల్లో అలా రాసిపెట్టినవాళ్లు లేక తెలంగాణ ఊళ్లలో ఎన్ని గూళ్లు పోయాయో చెప్పే కాగితం లేకుండా పోయింది.

కథ పూర్తిగా ముగియలేదు.  హరియాణాలోని పింజోర్‌లో, మన హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో రాబందులను పెంచి పిల్లలు చేయించే కేంద్రాలు పనిచేస్తున్నాయి. అక్కడ పుట్టిన పక్షి బయటి ఆకాశంలో బతకాలంటే, అది దిగిన చోట తిండి విషం కాకుండా ఉండాలి. ఆ పని జూపార్కుది కాదు, పశువులున్న ప్రతి ఇంటిది.

అందుకని పశువులున్న అన్నలకు, అక్కలకు ఒక మాట. నొప్పికి, వాపుకు పనిచేసి రాబందుకు హాని చేయని మందులు ఉన్నాయి. మెలోక్సికామ్ ఒకటి, టోల్ఫెనామిక్ యాసిడ్ ఇంకొకటి. రెండూ పరీక్షించి తేల్చినవే. మీ బర్రెకో ఎద్దుకో సూది వేయించేటప్పుడు ఆ పేర్లు అడగండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్, నిమెసులైడ్ అయితే వద్దనండి. మందు వేసిన పశువు చనిపోతే బయట పడేయకండి, లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. ప్రాణహిత ఒడ్డునో గోదావరి ఒడ్డునో ఎక్కడైనా రాబందు వాలితే దాన్ని అదిలించకండి, అటవీశాఖ వారికి ఫోను చేసి చెప్పండి.